తువ్వాళ్ళు మడతపెట్టే చదువు

పోయిన శనివారం పొద్దున్నే ఫోను. నేనింకా కాఫీ కూడా తాగలేదు. గుంటూరు నుంచి అక్క, అంటే మా పెద్దమ్మ కూతురు.

"ఒరేయ్, నువ్వైనా చెప్పరా వాడికి. నీ మాటైతే వింటాడు."

వాడంటే అక్క కొడుకు చంటిగాడు. ఇక్కడే అమెరికాలో, మాకు రెండు రాష్ట్రాల అవతల కంప్యూటర్ సైన్సులో ఎమ్మెస్ చేస్తున్నాడు. మొదటి ఏడాది అయింది. రోబోటిక్స్ లాబులో పని చేస్తుంటే ప్రొఫెసరుగారికి వీడి పని నచ్చి, పీహెచ్‌డీకి మారిపొమ్మన్నాడట. ఫీజు ఉండదు, నెలనెలా స్టైపెండు ఇస్తారు. వీడు ఎవర్నీ అడక్కుండా ఊ అనేశాడు. ఇంట్లో కురుక్షేత్రం.

వెనక నుంచి బావగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "ఆరేళ్ళు చదివి తువ్వాళ్ళు మడతపెడతాట్ట! అడుగు, అదేం చదువో అడుగు! ఆ మాత్రం దానికి అమెరికా దాకా ఎందుకు, మన వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర చేర్పిస్తే సరిపోయేదిగా!"

నవ్వొచ్చింది, ఆపుకున్నాను. వారం టైమివ్వమని ఫోను పెట్టేశాను. ఈ వారం అంతా ఆలోచించి రాస్తున్న జవాబు ఇది. బావగారొక్కరికే కాదు. బయటి దేశంలో ఉన్న ప్రతి మావయ్యకీ, బాబాయికీ ఏడాదికి ఒకటైనా ఇలాంటి ఫోను వస్తుంది. "నువ్వు అక్కడున్నావు, నీకు తెలుసు, వాడికి బుద్ధి చెప్పు" అని. మనం కూడా గొంతు సవరించుకుని చెప్పేస్తాం. ఎమ్మెస్ చాలు, కోర్సులు పూర్తి చెయ్యి, ఉద్యోగం చూసుకో, ఆ తర్వాత ఏ సరదాలున్నా తీర్చుకోవచ్చు అని. ఈ సలహా నేను కూడా ఇద్దరు ముగ్గురికి ఇచ్చాను. అంతకు ముందు ఒకసారి పుచ్చుకున్నాను కూడా. ఇప్పుడు చంటిగాడికి మాత్రం ఇవ్వను. ఎందుకివ్వనో చెప్పడానికే ఈ సోదంతా.

ముందు ఆ తువ్వాళ్ళ సంగతి తేల్చుకుందాం. బావగారు వెటకారంగా అన్నా, ఆయన సరిగ్గా అసలు చోటే పట్టుకున్నారు.

2010లో బర్కిలీలో పీటర్ అబీల్ అనే ప్రొఫెసరు బృందం పీఆర్2 అనే రోబో చేత తువ్వాళ్ళు మడతపెట్టించింది. అంతకు ముందు ఆ రోబో ఎప్పుడూ చూడని తువ్వాళ్ళని కుప్పగా పోస్తే, ఒక్కొక్కటే తీసి మడిచి పెట్టింది. ఒక్కో తువ్వాలుకి పట్టిన సమయం సుమారు 25 నిమిషాలు. అవును, మీరు సరిగ్గానే చదివారు. మా అమ్మ ఆ టైములో ఇంటిల్లిపాది బట్టలూ మడిచేసి, పక్కింటావిడతో ఓ కబురు కూడా చెప్పి వస్తుంది.

అయినా ఆ రోజు రోబోటిక్స్ వాళ్ళు ఎందుకు చప్పట్లు కొట్టారు? బట్టకి ఆకారం లేదు కాబట్టి. గ్లాసుకో పెట్టెకో ఒక రూపం ఉంటుంది, అది మారదు. ఎక్కడ పట్టుకోవాలో లెక్క వేసి చెప్పొచ్చు. కుప్పలో పడున్న తువ్వాలు ఎన్ని రకాలుగా నలిగి ఉంటుందో లెక్కే లేదు. ఆ రోబో ఏం చేసిందంటే, తువ్వాలుని ఒక చేత్తో పట్టుకుని పైకెత్తి, తిప్పి తిప్పి చూసి, మూల ఎక్కడుందో వెతికి, రెండో చేత్తో ఆ మూలని పట్టుకుని, మళ్ళీ ఇంకో మూల వెతికింది. మనం చేసేదీ అదే. కాకపోతే మనం చేస్తున్నట్టు మనకే తెలియదు.

హాన్స్ మొరావెక్ అనే ఆయన 1988లోనే ఈ సంగతి చెప్పాడు. పెద్దవాళ్ళు కష్టపడి నేర్చుకునే లెక్కలూ, చదరంగం లాంటి ఆటలూ కంప్యూటరుకి సులువు, ఏడాది పిల్లాడు చేసే పనులు, అంటే చూడడం, పట్టుకోవడం, పడకుండా నడవడం, మహా కష్టం అని. ఊరికే అన్న మాట కాదు. ఆయన స్టాన్‌ఫర్డులో విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక చక్రాల బండిని కెమెరాతో నడిపించేవాడు. 1979లో ఆ బండి కుర్చీలు అడ్డంగా పెట్టిన గదిని ఎవరి సాయమూ లేకుండా దాటింది. పట్టిన సమయం సుమారు అయిదు గంటలు! మీటరు కదలడం, ఆగి ఆలోచించడం, మళ్ళీ మీటరు కదలడం. ఆ రోజు అక్కడ మన బావగారుంటే "దీనికి స్టాన్‌ఫర్డు ఎందుకు, మా బామ్మ కర్ర పట్టుకుని ఇంతకంటే తొందరగా దాటుతుంది" అని ఉండేవారు. నిజమే, దాటుతుంది. ఎలా దాటుతుందో కనిపెట్టడమే ఆ చదువు.

ఇప్పుడు నా సొద కొంచెం వినాలి మీరు.

మా నాన్నది తెనాలిలో మోటార్ల రీవైండింగు షాపు. చుట్టుపక్కల పల్లెల్లో పంపుసెట్టు మోటార్లు కాలిపోతే మా షాపుకే తెచ్చేవాళ్ళు. కాలిన కాయిళ్ళు పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నీషు పోసి ఆరబెట్టేవాడు నాన్న. నాకు ఆ షాపులో కూర్చోవడమంటే ప్రాణం. కూర్చోనిచ్చేవాడే కానీ, చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. "ఈ మసి నీకెందుకురా, నువ్వు చదువుకో" అనేవాడు. చదువుకోవడమంటే చేతులకి మసి అంటకుండా బతకడం అని ఇంటా బయటా అందరం నమ్మిన రోజులు. ఇప్పటికీ అవే రోజులనుకోండి.

అలాగే చదువుకున్నాను. ఎంసెట్ రాసి ఇంజనీరింగులో చేరాను. కాలేజీ పేరు అనవసరం. లాబులో ఒక కిట్టు చుట్టూ ఎనిమిది మందిమి నిలబడేవాళ్ళం. వైర్లు లాబు అసిస్టెంటు పెట్టేవాడు. మేము రీడింగులు రాసుకునేవాళ్ళం, అవి కూడా పోయినేడాది వాళ్ళ రికార్డులోంచి. రికార్డుకి అట్ట వేసి, ఎర్ర పెన్నుతో గీతలు కొడితే మార్కులు పడేవి. నాలుగేళ్ళ ఇంజనీరింగులో నేను ఒక్కసారి కూడా సోల్డరింగు ఐరన్ పట్టుకోలేదు. మోటార్ల షాపు వాడి కొడుకుని, అయినా సరే!

2010లో ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చాను. రెండో సెమిస్టరులో, టైము కుదిరింది కదా అని రోబోటిక్స్ కోర్సు తీసుకున్నాను. చక్రాల మీద నడిచే చిన్న రోబో ఇచ్చి, కారిడారు ఈ చివర నుంచి ఆ చివరకి పంపించమన్నారు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడితే ఎంత దూరం వెళ్ళిందో తెలిసిపోతుంది, ఎనిమిదో తరగతి లెక్క. నేల నున్నగా ఉంటే చక్రం కొంచెం జారుతుందని ఆ లెక్కకి తెలియదు. మొదట్లోనే ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే, 30 మీటర్ల కారిడారు చివరికి అర మీటరు పక్కకి వెళ్ళి గోడకి గుద్దుకుంటుంది. గుద్దుకుంది కూడా. పుస్తకంలో ఉన్న కల్మన్ ఫిల్టరు, 1960 నాటిది, పరీక్షలో నేను పూర్తి మార్కులు తెచ్చుకున్నది, అసలెందుకు పుట్టిందో నాకు ఆ గోడ దగ్గర అర్థమయింది. దేన్నీ పూర్తిగా నమ్మడానికి లేదు, ఏది ఎంతవరకు నమ్మాలో లెక్క వేసుకుంటూ నడవాలి. అదీ సంగతి.

2010 నవంబరులోనే మైక్రోసాఫ్టు వాళ్ళు కినెక్ట్ అనే ఆటబొమ్మ వదిలారు. 150 డాలర్లకి దూరం కొలిచే కెమెరా. అంతకు ముందు ఆ పని చేసే లేజర్లు వేల డాలర్లుండేవి. లాబులన్నీ ఎగబడి కొన్నాయి. మా రోబోకీ ఒకటి బిగించాం. రాత్రి పది గంటలకి బ్రహ్మాండంగా నడిచేది. మధ్యాహ్నం ప్రొఫెసరుగారికి చూపిద్దామంటే గోడకి గుద్దుకునేది. మూడు వారాలు నా ప్రోగ్రాంలో తప్పు వెతికాను. ఉన్న ప్రతి లైనూ తిరగరాశాను. చివరికి ఒక రోజు విసుగొచ్చి కారిడారులో నేల మీద చతికిలపడి కూర్చుంటే, నాలుగు గంటల ఎండ అద్దాల్లోంచి వచ్చి నా కాళ్ళ మీద పడింది. కినెక్ట్ పంపేది పరారుణ కాంతి. ఎండలోనూ అదే ఉంటుంది. ఎండపడ్డ చోట దానికి కళ్ళు కనిపించవు. తప్పు ప్రోగ్రాంలో లేదు, కిటికీలో ఉంది! జీవితంలో అంత సంతోషం నాకు ఏ జీతం పెరిగినప్పుడూ కలగలేదు.

ఇంకొక్కటి చెప్పి నా పురాణం ఆపేస్తాను. ఒక రోజు రోబో ఒకటి బల్ల కాలికి అడ్డంపడి ఆగిపోయింది. ముందుకి కదలడం లేదు, మోటారు మాత్రం తోస్తూనే ఉంది. గదిలో అయిదారుగురున్నారు, అందరూ స్క్రీను చూస్తున్నారు. నాకు ఒక్కసారిగా మా షాపు వాసన వచ్చింది. కాలే వార్నీషు వాసన. పరిగెత్తుకెళ్ళి బ్యాటరీ పీకేశాను. మోటారు బతికింది. "నీకెలా తెలిసింది?" అన్నాడు ప్రొఫెసరు. మా నాన్న షాపు సంగతి చెప్పాను. అమెరికా వచ్చాక ఆ మాట బయటికి చెప్పడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఎవరైనా అడిగితే "బిజినెస్" అనేవాణ్ణి.

ఆ వారంలోనే ఆయన నన్ను పిలిచి, ఫండింగు ఇస్తాను, పీహెచ్‌డీకి మారతావా అన్నాడు.

నేను చేయాల్సిన పనే చేశాను. అందర్నీ అడిగాను. రూమ్మేట్లని అడిగాను, న్యూజెర్సీలో ఉన్న బాబాయినడిగాను, సీనియర్లనడిగాను. అందరిదీ ఒకటే మాట. లోను తీర్చాలి, హెచ్‌1 తెచ్చుకోవాలి, చెల్లెలి పెళ్ళుంది, రోబోలెక్కడికీ పోవు. అడగనిది ఒక్కర్నే, మా నాన్నని. ఆయనకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

2012లో ఒక కన్సల్టెన్సీలో చేరాను. లేని మూడేళ్ళ అనుభవాన్ని నా రెజ్యూమెలో వాళ్ళే రాసి పెట్టారు. నేను నోరు మూసుకుని ఆ రెజ్యూమెతోనే ఇంటర్వ్యూలిచ్చాను. ఆ పాపంలో నా వాటా నాది. అప్పటి నుంచి ఇన్సూరెన్సు కంపెనీల క్లెయిముల సిస్టములు పాతవి తీసి కొత్తవి పెట్టడమే నా వృత్తి. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడను. లోను తీర్చింది, చెల్లెలి పెళ్ళి చేసింది, ఇల్లు కొనిపెట్టింది. బాబాయి చెప్పినవన్నీ జరిగాయి. ఆయన చెప్పనిది ఒక్కటే. పదేళ్ళ తర్వాత కూడా ఏదైనా ఆఫీసు కారిడారులో నున్నటి నేల మీద ఎండ పడితే, నేను రెండు నిమిషాలు ఆగి చూస్తుంటానని.

సరే, ఇక బావగారి వాదనలకి వద్దాం. ఒక్కొక్కటీ తీసుకుందాం.

మొదటిది, డబ్బు. ఆరేళ్ళు స్టైపెండు మీద బతికితే, ఆ ఆరేళ్ళ జీతం పోయినట్టే. ఇది నిజం. దీనికి అడ్డం మాట్లాడను. స్టైపెండులో అద్దె, తిండి పోను పెద్దగా ఏమీ మిగలదు. పైగా చంటిగాడికి మొదటి ఏడాది లోను ఉండనే ఉంది. కానీ లెక్కకి రెండో వైపు కూడా చూడాలి. ఎమ్మెస్ రెండో ఏడాదికి మళ్ళీ లక్షలు పోయాలి, పీహెచ్‌డీకి మారితే ఫీజు లేదు. మధ్యలో ఇది నా వల్ల కాదనిపిస్తే చాలా చోట్ల ఎమ్మెస్ డిగ్రీ పుచ్చుకుని బయటికి రావొచ్చు. అంటే దిగితే ఇక పైకి రాలేని బావేమీ కాదు.

రెండోది, వీసా. "ముందు హెచ్‌1 కొట్టి స్థిరపడితే..." అంటారు. ఇంతకంటే నవ్వొచ్చే మాట లేదు. ఏడాదికి 85 వేల హెచ్‌1బీలు, వాటికోసం ఎగబడే లక్షల మంది. మీ కొలువు మీ చేతిలో కాదు, లాటరీలో ఉంటుంది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అని ప్రకటించిన రోజు, నాకు తెలిసిన పిల్లలు ఇద్దరు రాత్రంతా నిద్రపోలేదు. వాళ్ళిద్దరూ మనం చెప్పిన సురక్షితమైన దారిలో వెళ్ళినవాళ్ళే. యూనివర్సిటీలకి మాత్రం ఆ 85 వేల పరిమితి వర్తించదు. పీహెచ్‌డీ చేస్తే వీసా బాధలు పోతాయని నేననడం లేదు. వీసా పేరు చెప్పి పిల్లాణ్ణి భయపెట్టే హక్కు మన దారికి లేదంటున్నాను.

మూడోది, ఉద్యోగాలు. "రోబోటిక్స్‌లో ఉద్యోగాలెక్కడున్నాయి?" ఇక్కడ ఉన్నదున్నట్టు చెప్పాలి. ఈ రంగంలో ఆటుపోట్లు గట్టిగానే ఉంటాయి. ఆ తువ్వాళ్ళు మడిచిన పీఆర్2ని తయారుచేసిన విల్లో గరాజ్ 2014లో మూతపడింది. తనంతట తానే నడిచే కార్లు చేస్తామన్న ఆర్గో 2022లో తలుపులు మూసేసింది. అయితే విల్లో గరాజ్ వదిలిపెట్టి వెళ్ళిన రాస్ అనే సాఫ్టువేరు మీద ఇవాళ ప్రపంచమంతా లాబులు నడుస్తున్నాయి. గిడ్డంగుల్లో అరలు మోసే రోబోలు చేసిన కీవాని అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకి కొన్నది. 2004లో మొహావీ ఎడారిలో డార్పా పెట్టిన పోటీలో దాదాపు 140 మైళ్ళ దారిలో అందరికంటే ముందున్న బండి ఏడు మైళ్ళ చిల్లర వెళ్ళి ఆగిపోయింది. ఏడాదిన్నర తర్వాత, 2005 అక్టోబరులో, అయిదు బళ్ళు 132 మైళ్ళ దారి పూర్తి చేశాయి. ఆ బళ్ళ చుట్టూ తిరిగిన విద్యార్థులే తర్వాత డ్రైవరు లేని కార్ల పరిశ్రమకి పునాదులు వేశారు. కంపెనీలు మునుగుతాయి, చేతికొచ్చిన విద్య మునగదు.

తువ్వాలు సంగతి కూడా అంతే. అబీల్ దగ్గర పీహెచ్‌డీ చేసిన చెల్సీ ఫిన్, ఆయన దగ్గరే పోస్ట్‌డాక్ చేసిన సెర్గే లెవీన్, ఇంకొంతమందితో కలిసి పెట్టిన ఫిజికల్ ఇంటెలిజెన్స్ అనే సంస్థ 2024లో డ్రయ్యర్లోంచి బట్టలు తీసి బల్ల మీద మడతపెట్టే రోబోని చూపించింది. తువ్వాలు నుంచి చొక్కా దాకా రావడానికి 14 ఏళ్ళు. మరి ఇదే కాలంలో నేను నేర్చిన విద్య ఏమయింది? 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. నేను రెండు రోజులు కూర్చుని రాసే ప్రోగ్రాం ముక్కని ఇప్పుడు యంత్రం రెండు నిమిషాల్లో రాసి నా ముందు పెడుతుంది. నేను తప్పులు దిద్దుతున్నాను. ఎన్నాళ్ళు దిద్దమంటారో తెలియదు. మొరావెక్ చెప్పింది ఇదేగా! బల్ల ముందు కూర్చుని చేసే పని యంత్రానికి ముందు లొంగింది. కుప్పలోంచి చొక్కా తీసి మడిచే పని ఇంకా పూర్తిగా లొంగలేదు. మనం పిల్లల్ని ఏ దారిలోంచి ఏ దారిలోకి లాగుతున్నామో ఒకసారి చూసుకోవాలి.

నాలుగోది ఎవరూ పైకి చెప్పరు. కానీ మిగతా మూడింటికీ వేరు అదే. "ఇంత చదివి చేతిపనా?" ఇస్త్రీ బండి మాటలో ఉన్న వెటకారం అదే. అందులో రెండు అవమానాలున్నాయి. ఒకటి చంటిగాడికి, రెండోది ఆ ఇస్త్రీ చేసే మనిషికి. ఆయన వేళ్ళకి తెలిసినది ప్రపంచంలోని గొప్ప లాబులు ఇన్నేళ్ళు తలపట్టుకున్నా పూర్తిగా అంతుపట్టలేదు. మా నాన్న ముక్కుకి తెలిసినది ఆ గదిలో ఏ డిగ్రీకీ తెలియలేదు. మనం చదువుని ఒక వైపుకీ చేతుల్ని ఒక వైపుకీ విడగొట్టి, మధ్యలో గోడ కట్టుకున్నాం. రోబోటిక్స్ అనేది సరిగ్గా ఆ గోడ మీద కూర్చున్న చదువు. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, కంట్రోల్ థియరీ రావాలి, ఊడిన వైరు అతికించడం కూడా రావాలి. రెండో దాన్ని చిన్నచూపు చూసేవాడికి మొదటిది ఎంత వచ్చినా బండి గోడకి గుద్దుకుంటుంది. మన పిల్లలకి తెలివి లేక కాదు, మసి అంటనివ్వక ఈ దారి మూసేశాం.

ఇది మనవాళ్ళకి పట్టే విద్య కాదని ఎవరైనా అంటే, వాళ్ళకో సంగతి. రాజ్ రెడ్డిగారి పేరు వినే ఉంటారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట్లో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. గిండీలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా వెళ్ళి, ఐబీఎంలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో ఐబీఎం ఉద్యోగం! అది వదిలేసి స్టాన్‌ఫర్డులో పీహెచ్‌డీలో చేరారు, 1966లో పూర్తి చేశారు. 1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి మొదటి డైరెక్టరు ఆయనే. 1994లో ట్యూరింగ్ అవార్డు. ఆయన ఫోటో మన కాలేజీ గోడల మీద పెట్టుకుంటాం, సభల్లో "మన తెలుగువాడు" అని చెప్పుకుంటాం. ఉన్న ఉద్యోగం వదిలి చదువుకి వెళ్ళిన ఆయన పని మాత్రం మన ఇంట్లో కుర్రాడు చేస్తే ఫోన్లు చేసి ఏడుస్తాం. ఇదేం న్యాయమండీ?

ఇంత వాదించానని, ప్రతివాడూ రోబోల వెంట పడాలని కాదు. యూట్యూబులో గెంతులేసే రోబోని చూసి చేరదామనుకునేవాళ్ళకి నేనే వద్దని చెబుతాను. ఆ వీడియో వెనక ఎన్నిసార్లు కింద పడిందో చూపించరు. 2015లో పొమోనాలో జరిగిన డార్పా పోటీలో, తలుపు తీయబోయి వెల్లకిలా పడిన రోబోలని చూడాలి ముందు. అది చూసి జాలిపడి ఊరుకునేవాడు వేరు, "ఎందుకు పడిందబ్బా" అని మళ్ళీ వెనక్కి తిప్పి చూసేవాడు వేరు. రెండోవాడికే ఈ దారి.

అందుకే మంగళవారం రాత్రి చంటిగాడికి ఫోను చేసి మూడు ప్రశ్నలు అడిగాను. నువ్వు చేరే ప్రొఫెసరు దగ్గర ఇదివరకు చదివినవాళ్ళతో మాట్లాడావా? ఫండింగు ఏడాదికా, పూర్తయ్యేదాకానా, ఎవరిస్తున్నారు? పోయిన నెలలో నీ రోబో పనిచెయ్యని రోజులెన్ని, ఆ రోజుల్లో నువ్వేం చేశావు?

మొదటిదానికి ఇద్దరితో మాట్లాడానన్నాడు. ఇంకో ఇద్దరితో మాట్లాడమన్నాను, ముఖ్యంగా మధ్యలో మానేసి వెళ్ళినవాళ్ళతో. రెండోదానికి నీళ్ళు నమిలాడు. రాతపూర్వకంగా తెచ్చుకోమన్నాను. మూడోదానికి మాత్రం అరగంట ఆగలేదు.

"మావయ్యా, గ్రిప్పరు వేళ్ళకున్న రబ్బరు అరిగిపోయి బట్ట జారిపోతోంది. మేమంతా మోడల్లో తప్పనుకున్నాం. నేను సైకిలు ట్యూబు ముక్క కోసి అతికించాను. పట్టేసింది! నవ్వకు, నిజం."

నేను నవ్వలేదు.

నిన్న అక్కకి చెప్పేశాను. వాణ్ణి ఆపొద్దు, నేను ఆపను అని. అక్క కాసేపు మాట్లాడలేదు. "చదువు అయ్యేసరికి ఇరవై తొమ్మిది వస్తాయిరా వాడికి" అంది. అసలు భయం అది. పెళ్ళి, వయసు, తామిద్దరూ పెద్దవాళ్ళవడం. దానికి నా దగ్గర సిద్ధాంతం లేదు. ఉన్నదొక్కటే చెప్పాను, లోను మీద వడ్డీ రెండేళ్ళు నేను కడతానని. ఊరికే సలహాలిచ్చి తప్పుకోవడం తేలిక. ఇచ్చినవాడు ఖర్చులో ఓ చెయ్యి వెయ్యాలి కదా. బావగారు ఫోను తీసుకుని, "డబ్బు గురించి కాదులే బావా" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఒప్పుకున్నట్టో కాదో తెలియదు. ఆయనతో పోట్లాట ఇంకా అయిపోలేదనుకుంటున్నాను.

రాత్రి తెనాలికి ఫోను చేశాను. నాన్న ఇప్పుడు షాపుకి పూటే వెళ్తున్నాడు. చంటిగాడి సంగతంతా చెప్పి, ఈసారైనా అడుగుదామని, నువ్వేమంటావు నాన్నా అన్నాను.

"ఆ చేతిలో మోటారు ఎంతదిరా? బ్రష్షులుంటాయా?" అన్నాడు.

ఇంతమంది పెద్దవాళ్ళలో, ఈ వారం రోజుల్లో, ఆ పిల్లాడు చేసే పని గురించి ఒక్క ప్రశ్న వేసిన మనిషి ఆయనే. నాకు తెలియదు నాన్నా, వాణ్ణే అడుగు అని చంటిగాడి నంబరిచ్చాను. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారట.

మీకూ ఇలాంటి ఫోను వస్తుంది. వచ్చినప్పుడు జీతం, వీసా, పెళ్ళి లెక్కలకి ముందు, ఆ పిల్లాడు ఏం చేస్తున్నాడో, ఎక్కడ ఆగిపోయాడో ఒక్క మాట అడగండి. జవాబు పొడిగా వస్తే మీ సలహా మీరు చెప్పుకోండి. అరగంట ఆగకుండా చెప్పాడంటే మాత్రం, దయచేసి అడ్డం తప్పుకోండి.